వాడిన ఎఫ్80 ఎం3: స్టాండర్డా, కాంపిటిషనా, సీఎస్ కోసం ఆగాలా?

రివ్‌లిమిట్

ఇంట్లో ఒప్పుకున్నారు, డబ్బు సర్దుబాటయింది, ఇక తేలనిది వేరియంట్ ఒక్కటే. కావాల్సింది బీఎండబ్ల్యూ ఎం3, ఎఫ్80 తరం, అంటే 2014 నుంచి 2018 దాకా వచ్చింది. నాలుగు తలుపులు ఉండాల్సిందే, కాబట్టి దయచేసి ఎం4 గురించి మొదలుపెట్టకండి.

నా ముందున్నవి ఇవి. 2015 స్టాండర్డ్, ఆరు గేర్ల మాన్యువల్, 18 అంగుళాల చక్రాలు, ఒకే ఓనర్. ఇంకోటి 2017 కాంపిటిషన్ ప్యాకేజీ, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 20 అంగుళాల చక్రాలు, ఇద్దరి చేతులు మారింది. ఇవి కాక ఒక సీఎస్, అంటే ఈ తరంలో కొన్నే చేసిన పై వేరియంట్, అమ్మకానికి రాబోతోందని బ్రోకర్ ఊరిస్తున్నాడు. దాని రేటు వింటే మిగతా రెండూ చవగ్గా కనిపిస్తాయి, బహుశా అందుకే చెబుతున్నాడేమో.

కాగితం మీద స్టాండర్డ్ 431 పీఎస్ (హార్స్‌పవర్ లెక్క), కాంపిటిషన్ 450, సీఎస్ 460. పంతొమ్మిది గుర్రాల కోసం అంత ఎక్కువ పెట్టాలా? ఎవరిని అడిగినా "కాంపిటిషనే తీసుకో" అంటారు. ఎందుకంటే "అదే బెస్ట్" అంటారు. నేను వారాంతాల్లో నడుపుతా, అప్పుడప్పుడు ట్రాక్ డేలకి వెళ్తా, దూరం వెళ్తే వెనక సీట్లో అమ్మానాన్న ఉంటారు. కారణంతో సహా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

టర్బోబాబాయ్

కాంపిటిషనే తీసుకో. అదే బెస్ట్.

రివ్‌లిమిట్

దండం బాబాయ్.

అండర్‌స్టీర్

గుర్రాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇది తేలదు. డీసీటీతో స్టాండర్డ్ గంటకి 100 కిలోమీటర్లు అందుకోవడానికి 4.1 సెకన్లు, కాంపిటిషన్‌కి 4.0. ఆ తేడా స్టాప్‌వాచ్‌కి తెలుస్తుంది తప్ప మనకి తెలియదు. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, రెండిట్లోనూ 550 ఎన్ఎమ్మే. పైగా కాంపిటిషన్ తన 450నీ చూపించేది 7,000 ఆర్‌పీఎం దగ్గర. రోడ్డు మీద అక్కడ ఎంతసేపు ఉంటావు?

అసలు తేడా బండి కింద ఉంది. కాంపిటిషన్‌లో స్ప్రింగులు, డ్యాంపర్లు, యాంటీ రోల్ బార్లు వేరు. వెనక చక్రాలకి పవర్ పంచే యాక్టివ్ ఎం డిఫరెన్షియల్‌కీ స్టెబిలిటీ కంట్రోల్‌కీ ట్యూనింగ్ మళ్ళీ చేశారు. మొదటి రెండేళ్ళ బళ్ళ మీద పత్రికలవాళ్ళు ఒకటే గొడవ చేశారు గుర్తుందా? తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కితే వెనక భాగం చెప్పాపెట్టకుండా పక్కకి జారిపోతుందని. 550 ఎన్ఎమ్ మొత్తం 1,850 ఆర్‌పీఎం దగ్గరే వచ్చి పడుతుంది. పాత ఎం3ల్లో పవర్ పైన ఎక్కడో ఉండేది కాబట్టి కాలికి సర్దుకునే సమయం దొరికేది, దీంట్లో దొరకదు. కాంపిటిషన్‌లో ఇంజిన్ స్వభావం మారలేదు గానీ, వెనక చక్రాలు పట్టు వదిలే తీరు ముందే తెలిసేలా మారింది.

నువ్వు ఎక్కువ పెట్టేది దానికి. పంతొమ్మిది గుర్రాలు ఊరికే వస్తాయి.

మాన్యువల్_మనిషి

పైన చెప్పినదంతా నిజమే, కానీ "పట్టు వదిలే తీరు" అనేదాంట్లో సగం టైర్లదే. ఆ గొడవ చేసిన బళ్ళ మీద అప్పటి టైర్లు ఉన్నాయి. ఇప్పుడు ఆ స్టాండర్డ్‌కి మంచి కొత్త టైర్లు వేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించి నడిపి చూడు. నా 2014 స్టాండర్డ్ వానలో కూడా మర్యాదగానే ఉంటుంది. మూడో గేర్లో పాదం తగ్గించడం తెలియాలి, అంతే.

రెండోది, రివ్‌లిమిట్ ఒక్క మాట రాసి వదిలేశాడు, ఎవరూ పట్టించుకోలేదు: మాన్యువల్. ఈ ఇంజిన్‌తో, ఈ సైజులో, మాన్యువల్ సెడాన్ వాడినవాటిలో ఎన్ని దొరుకుతాయి? కాంపిటిషన్ ఇంకోటి దొరుకుతుంది. ఒకే ఓనర్ చేతిలో ఉన్న మాన్యువల్ మళ్ళీ దొరకదు.

నూనెమరక

వేరియంట్ తర్వాత. ముందు ఇవి అడుగు.

2,000 కిలోమీటర్ల దగ్గర చేయాల్సిన మొదటి సర్వీస్ జరిగిందా? ఎం బళ్ళకి అది మామూలు సర్వీస్ కాదు. రన్నింగ్-ఇన్ అయ్యాక ఇంజిన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ రెండూ మార్చాలి. కాగితాల్లో అది కనబడకపోతే, ఆ బండి మొదటి ఓనర్ ఎలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది.

ఇంజిన్‌కి ట్యూన్ పెట్టి తీసేశారా? ఈ తరం ఇంజిన్ ఎస్55కి సాఫ్ట్‌వేర్ మారిస్తే 500 పీఎస్ దాటించడం పెద్ద పని కాదు. అమ్మే ముందు స్టాక్ ఫైల్ తిరిగి ఎక్కించేస్తారు. బాగా తెలిసినవాడైతే ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్లో, ఆ గుర్తులు వెతకగలడు.

క్రాంక్ హబ్. దీని మీద విడిగా రాస్తా, పొడుగవుతుంది.

ఇన్‌టేక్ వైపు, టర్బో గాలిని ఇంజిన్‌కి చేర్చే ప్లాస్టిక్ చార్జ్ పైపులు. వయసు మీద పడ్డాక, ముఖ్యంగా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచిన బళ్ళలో, పగులుతాయి. పెద్ద ఖర్చు కాదు గానీ పైపు మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడుగు.

ఇంజిన్ మీద కూర్చుని ఆ గాలిని చల్లబరిచే చార్జ్ కూలర్, దాని కూలెంట్ స్థాయి. నీళ్ళతో చల్లబరిచే రకం కాబట్టి కూలెంట్ తగ్గుతోందంటే ఎక్కడికి పోతోందో తెలిసేదాకా బండి కొనొద్దు.

వీ8_విరహి

ఇవన్నీ ఎందుకు, దీని ముందు తరం ఎం3, ఈ90 తీసుకో. నాలుగు లీటర్ల వీ8, 420 పీఎస్, 8,300 ఆర్‌పీఎం దగ్గర. టర్బో లేదు, స్పీకర్ల నుంచి ఇంజిన్ శబ్దం వినిపించే నాటకం లేదు. అదీ ఎం3 అంటే.

టర్బోబాబాయ్

విరహి వచ్చాడు, ఇక టాపిక్ పూర్తయినట్టే. ఆ వీ8లో అరిగిపోయే రాడ్ బేరింగుల సంగతి కూడా చెప్పు నాయనా.

వీ8_విరహి

మార్పించుకుంటే సరిపోతుంది. మెయింటెనెన్స్ అంటారు దాన్ని.

నూనెమరక

ఆ మాట మా షెడ్డు గోడ మీద రాయించుకుంటా.

సుధ_స్పోర్ట్‌ప్లస్

నా దగ్గర కాంపిటిషన్ ఉంది, 2016ది. రివ్‌లిమిట్ గారు అమ్మానాన్న వెనక కూర్చుంటారు అన్నారు కాబట్టి ఆ కోణం నుంచి చెబుతా, ఇక్కడ ఎవరూ చెప్పరు.

సస్పెన్షన్ కంఫర్ట్‌లో పెట్టినా ఇది గట్టిగానే ఉంటుంది. మంచి రోడ్డు మీద ఇబ్బంది లేదు, పైగా స్టాండర్డ్ కంటే నిలకడగా అనిపిస్తుంది. రోడ్డు మధ్యలో అతుకులు, చిన్న గుంతలు వచ్చినప్పుడు మాత్రం వెనక సీటుకి ప్రతిదీ తెలుస్తుంది. మా అత్తగారికి నడుము నొప్పి, ఆవిడ వస్తే నేను వేరే బండి తీస్తా. స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్ అనేవి ట్రాక్ మీదే. నా పేరు చూసి నవ్వకండి, అది బండి కొనక ముందు పెట్టుకున్నది.

ముందు సీట్లు తేలికపాటివి, భుజాల దగ్గర కన్నాలు ఉంటాయి. నాకు బాగా నచ్చాయి. నడుము దగ్గర వెడల్పుగా ఉన్నవాళ్ళు కూర్చుని చూసి కొనాలి. బొమ్మలు చూసి కాదు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఇక్కడ కాంపిటిషన్ అమ్మకానికి పెడితే ఫోన్లు త్వరగా వస్తాయి. స్టాండర్డ్‌కి "కాంపిటిషన్ కాదా?" అని అడిగి పెట్టేసేవాళ్ళు ఉంటారు. అదంతా అన్యాయమే కావచ్చు, కానీ రేపు అమ్మేటప్పుడు ఆ తేడా మీకు తిరిగి వస్తుంది.

మాన్యువల్_మనిషి

తిరిగి వచ్చేది సగమే, ఎందుకంటే మీరు కొనేటప్పుడు కూడా ఆ పేరుకే ఎక్కువ ఇచ్చారు. కానీ అత్తగారి సంగతి బాగుంది.

స్లైడ్‌రూల్

సుధ గారు చెప్పిన గట్టిదనంలో స్ప్రింగుల వాటా ఎంతో, టైర్ల వాటా ఎంతో విడదీయాలి. ముందు చక్రాల టైర్లు చూడండి. 18 అంగుళాల చక్రానికి 255/40. అంటే పక్కగోడ ఎత్తు వెడల్పు 255లో 40 శాతం, 102 మిల్లీమీటర్లు. 19కి 255/35, అది 89. కాంపిటిషన్ 20కి 265/30, 80 మిల్లీమీటర్ల లోపే. గుంతకీ రిమ్ముకీ మధ్య ఉన్న రబ్బరు రెండు సెంటీమీటర్లకి పైగా తగ్గిపోయింది. సస్పెన్షన్ ఎంత తెలివైనదైనా ఆ రెండు సెంటీమీటర్ల పని మొత్తం చేయలేదు.

కాబట్టి కాంపిటిషన్ కొని 19 వేసుకుంటే సగం ఫిర్యాదు పోతుంది. నీలం కాలిపర్ల ఇనప బ్రేకులు ఉన్న బండికి 18 కూడా పడుతుంది, ఎందుకంటే స్టాండర్డ్‌కి వచ్చిన బ్రేకులు అవే. బంగారు రంగు కాలిపర్లు, అంటే కార్బన్ సెరామిక్ బ్రేకులు ఉంటే 18 కుదరదు, ముందు డిస్కే 400 మిల్లీమీటర్లు.

టర్బోబాబాయ్

20 తీసేసి 19 వేస్తే చూడ్డానికి బోసిగా ఉంటుంది.

స్లైడ్‌రూల్

నడిపేటప్పుడు నువ్వు లోపల ఉంటావు బాబాయ్.

రివ్‌లిమిట్

సుధ గారూ థాంక్స్, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. స్లైడ్‌రూల్ చెప్పిన 19 ఐడియా బాగుంది.

ఒక సందేహం. 2015 బండికి అడాప్టివ్ సస్పెన్షన్ (బటన్‌తో మెత్తగా, గట్టిగా మార్చుకునేది) ఉందా లేదా ఎలా తెలుసుకోవాలి? స్టాండర్డ్‌లో అది ఆప్షన్ అంట కదా. అమ్మేవాడిని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు.

అండర్‌స్టీర్

గేర్ లివర్ పక్కన మూడు బటన్లు ఉండాలి: ఇంజిన్, సస్పెన్షన్, స్టీరింగ్. సస్పెన్షన్ బటన్ లేకపోతే మామూలు డ్యాంపర్లు. ఫోటో పంపమను, ఒక్క ఫోటో చాలు. "అన్నీ ఉన్నాయి" అన్నవాడి దగ్గర ఏదో ఒకటి ఉండదు.

చాసిస్_చదువరి

ఇంత సేపూ ఎవరూ అనలేదు గానీ, ఆ 2017 నిజంగా కాంపిటిషనేనా?

నేను చూడ్డానికి వెళ్ళిన ఒక బండికి 20 అంగుళాల చక్రాలు, నల్ల సైలెన్సర్ గొట్టాలు, కిటికీల చుట్టూ నల్ల అంచులు, వెనక బ్యాడ్జి, అన్నీ ఉన్నాయి. తలుపు తీస్తే మామూలు సీట్లు. "మా ఓనర్‌కి ఆ సీట్లు నచ్చక మార్పించుకున్నాడు" అన్నాడు అమ్మేవాడు. చాసిస్ నంబర్‌తో ఫ్యాక్టరీ ఆప్షన్ల లిస్టు తీస్తే కాంపిటిషన్ ప్యాకేజీ అనే లైనే లేదు. చక్రాలు, గొట్టాలు, బ్యాడ్జి ఎవరైనా కొని బిగించగలరు. స్ప్రింగులు, డిఫ్ ట్యూనింగ్ ఎవరూ బిగించరు, ఎందుకంటే అవి ఫోటోలో కనిపించవు.

చాసిస్ నంబర్ ఇవ్వనన్నవాడి బండి చూడ్డానికి పెట్రోలు కూడా దండగ. సీటు బెల్టుల మీద ఎం రంగుల చారలు కూడా చూడు, అవి మార్చాలని చాలామందికి గుర్తుండదు. కానీ చివరి మాట లిస్టుదే.

టర్బోబాబాయ్

సీట్లు నచ్చక మార్పించుకున్న ఓనర్ని చూడాలని ఉంది.

నూనెమరక

క్రాంక్ హబ్ గురించి రాస్తా అన్నా కదా. భయపెట్టడానికి కాదు, నెట్‌లో దీని మీద రెండు మతాలు ఉన్నాయి, రెండూ అతిశయోక్తే.

క్రాంక్‌షాఫ్ట్ ముందు చివర హబ్ ఉంటుంది, దాంతోపాటు టైమింగ్ చైన్‌ని తిప్పే పళ్ళచక్రం. ఈ ఇంజిన్‌లో వాటిని కదలకుండా పట్టి ఉంచేది ఒక పెద్ద బోల్టు బిగింపూ, ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడీ మాత్రమే. మధ్యలో చీల లేదు, గాడి లేదు. ఉన్నట్టుండి పెద్ద కుదుపు వస్తే ఆ చక్రం కొద్దిగా జారవచ్చు. అప్పుడు వాల్వుల టైమింగ్ తప్పుతుంది. తక్కువ జారితే ఇంజిన్ లైటు వెలిగి బండి నీరసపడుతుంది. ఎక్కువ జారితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి.

కుదుపు ఎక్కడి నుంచి వస్తుంది? ట్యూన్ పెట్టి టార్క్ పెంచినప్పుడు, డీసీటీలో పై ఆర్‌పీఎం దగ్గర గేర్లు వెంటవెంటనే కిందికి దించినప్పుడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న బండిలో ఇది అరుదు. అసలు జరగదు అనేవాడు ఒక మతం, ప్రతి బండికీ జరుగుతుంది అనేవాడు ఇంకో మతం. జారకుండా పిన్నులు వేసిన హబ్‌లు బయట దొరుకుతాయి, పెట్టిస్తే మంచిదే. కానీ ఆ పని ఇంజిన్ ముందు భాగం విప్పి టైమింగ్ మళ్ళీ సెట్ చేసే పని. చేతకానివాడు ముట్టుకుంటే లేని జబ్బు వస్తుంది.

మీ వేరియంట్ గోలకి దీంతో సంబంధం ఏంటంటే, స్టాండర్డ్‌కీ కాంపిటిషన్‌కీ ఈ విషయంలో తేడా లేదు. బ్యాడ్జి చూసి ధైర్యపడొద్దు.

మాన్యువల్_మనిషి

అంటే మాన్యువల్‌లో ముప్పు తక్కువ అన్నమాట. థాంక్స్.

నూనెమరక

అలా అనలేదు. క్లచ్ ఎలా వదులుతావో నాకేం తెలుసు? ఐదు నుంచి రెండుకి దించేవాడు మాన్యువల్‌లోనే ఎక్కువ.

క్లచ్‌లెస్

మాన్యువల్ భజన కాస్త ఆపితే ఒక మాట. ఈ ఇంజిన్ టర్బోది, టార్క్ అంతా కింద ఉంది, రెడ్‌లైన్ 7,600. గేర్ మార్చే లోపు బూస్ట్ పడిపోతుంది. డీసీటీలో ఆ ఖాళీ ఉండదు. పాత వీ8కి మాన్యువల్ అందం, నేనూ ఒప్పుకుంటా. దీనికి డీసీటీయే సరిజోడు. పైగా మాన్యువల్‌లో కూడా గేరు దించితే ఇంజిన్ తనంతట తానే రేస్ అయి సర్దుకుంటుంది. మడమతో యాక్సిలరేటర్ నొక్కే విద్య చూపించుకుందామంటే అదీ లేదు.

మాన్యువల్_మనిషి

స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆపితే అదీ ఆగుతుంది. అప్పుడు నీ విద్య నీదే.

క్లచ్‌లెస్

అంటే మడమ విద్య కోసం ప్రాణరక్షణ ఆపాలి. బాగుంది.

అండర్‌స్టీర్

గేర్‌బాక్స్ మీద వేరే టాపిక్ తెరవండి, అది ఎప్పటికీ తేలదు. రోజూ ట్రాఫిక్‌లో నలిగేవాడికి డీసీటీ, వారాంతం బండికి ఏదైనా సరే. రివ్‌లిమిట్‌ది రెండోది.

గ్రామ్‌గ్రామ్

సీఎస్ గురించి ఎవరూ నోరు విప్పట్లేదు. 2018లో వచ్చింది, ప్రపంచం మొత్తానికీ దాదాపు 1,200 బళ్ళు. 460 పీఎస్, టార్క్ 600 ఎన్ఎమ్. 100కి 3.9 సెకన్లు, టాప్ స్పీడ్ గంటకి 280. బానెట్ కూడా కార్బన్ ఫైబర్, మామూలు దానికంటే 25 శాతం తేలిక. ముందు 19, వెనక 20 అంగుళాల చక్రాలు, పైలట్ స్పోర్ట్ కప్ 2 టైర్లు. మూడిట్లో అసలైన టార్క్ తేడా ఉన్నది దీనికే. ఈ తరంలో చివరికి విలువ నిలబెట్టుకునేది ఇదే. డబ్బు ఉంటే రెండో ఆలోచన వద్దు.

స్లైడ్‌రూల్

కప్ 2 టైర్లు వేడెక్కాక అద్భుతం. చల్లటి తడి రోడ్డు మీద అమ్మానాన్నని ఎక్కించుకుని వెళ్ళే టైర్లు కావు. వేరేవి వేసుకోవచ్చు, కానీ అప్పుడు సీఎస్‌కి పెట్టిన డబ్బులో ఎంత భాగం తీసి పక్కన పెట్టినట్టు?

సుధ_స్పోర్ట్‌ప్లస్

నేను కూర్చుని చూశా. ముందు సీట్ల మధ్య చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ తీసేశారు. బరువు తగ్గించారట. దూరప్రయాణంలో ఆ లోటు బాగా తెలుస్తుంది. మాన్యువల్ కూడా రాదు, డీసీటీ ఒక్కటే.

మాన్యువల్_మనిషి

ఆ ఒక్క కారణం చాలు నాకు.

అండర్‌స్టీర్

సీఎస్ మంచి బండి, అందులో సందేహం లేదు. కానీ సస్పెన్షన్ మూలం కాంపిటిషన్‌దే, దాని మీద ఇంకాస్త మెరుగులు దిద్దారు. స్టాండర్డ్ నుంచి కాంపిటిషన్‌కి వెళ్తే తెలిసే తేడా, కాంపిటిషన్ నుంచి సీఎస్‌కి వెళ్తే తెలియదు. రేటులో మాత్రం రెండో మెట్టే ఎత్తు. పైగా కొన్నవాడు దాన్ని పెళ్ళి పట్టుచీరలా దాస్తాడు. కిలోమీటర్లు పెరిగితే విలువ పోతుందన్న బెంగతో బయటికి తీయడు. నడపడానికి కొంటున్నావా, దాచడానికా?

గ్రామ్‌గ్రామ్

నడిపేవాళ్ళు కూడా ఉన్నారు.

టర్బోబాబాయ్

ఉన్నారు. కడగడానికి బయటికి తీసినప్పుడు నడుపుతారు.

చాసిస్_చదువరి

2016లో 30 ఏళ్ళ ఎడిషన్ అని 500 సెడాన్లు వచ్చాయి, మకావో బ్లూ రంగు. అందులో ఉన్నది కాంపిటిషన్ ప్యాకేజీయే, 450 పీఎస్సే. దానికి సీఎస్ స్థాయి రేటు అడిగేవాడు తగిలితే గుర్తుపెట్టుకోండి, మీరు ఎక్కువ ఇచ్చేది రంగుకీ గడప మీద రాతకీ.

క్లచ్‌లెస్

కొత్త మోడల్ ఇయర్ అయితే అన్నీ మెరుగే అనుకునేవాళ్ళకి ఇంకోటి. మొదట్లో పవర్‌ని వెనక చక్రాల వైపు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌ది. 2017 చివర్లో దాన్ని తీసి స్టీలుది పెట్టారు, ఎగ్జాస్ట్‌లో ఫిల్టర్‌కి చోటు కావాల్సి వచ్చి. కాగితం చూసేవాడికి పాతదే గొప్ప. రోడ్డు మీద ఎవరికీ తెలియదు, అది వేరే విషయం.

బవేరియా_వద్దు

మెర్సిడెస్ సీ63 చూడొచ్చుగా? నాలుగు లీటర్ల వీ8, మామూలుది 476 పీఎస్, ఎస్ అయితే 510.

అండర్‌స్టీర్

అక్కడా ఇదే తంటా. మామూలు సీ63కి మెకానికల్ డిఫ్ లాక్, ఎస్‌కి ఎలక్ట్రానిక్. మళ్ళీ గుర్రాలు చూసి కొంటారు, డిఫ్ చూసి ఎవరూ కొనరు. ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో కూడా 510, స్టీరింగ్ వీటన్నిటికంటే చురుకు. కానీ మనిషి ఎం3 అని తేల్చుకుని వచ్చాడు, వదిలేయండి.

రివ్‌లిమిట్

రెండూ నడిపి వచ్చా. ఒకే రోజు, ఒకే రోడ్డు, కొంచెం తడిగా ఉంది కూడా.

కాంపిటిషన్: మలుపులోకి వేస్తే ముందు భాగం వెంటనే పట్టుకుంటుంది. వెనక ఏం జరుగుతోందో నడుముకి తెలుస్తోంది. అండర్‌స్టీర్ చెప్పింది ఇదే అయి ఉంటుంది. చాసిస్_చదువరి మాట విని లిస్టు తీయించా, నిజమైన కాంపిటిషనే. 20 అంగుళాల మీద నాన్నని వెనక కూర్చోబెట్టా. ఆయన ఏమీ అనలేదు, "ఈ బండికి రేటెంత?" అని మాత్రం అడిగారు. దాన్ని బట్టి అర్థం చేసుకోండి.

స్టాండర్డ్: సస్పెన్షన్ బటన్ ఉంది, అడాప్టివే. 18 మీద హాయిగా ఉంది. తడిలో రెండో గేర్లో తొక్కితే వెనక ఊగింది, స్టెబిలిటీ లైటు చాలాసేపు మిణుకుమంది. వెనక టైర్లు అరిగిపోయి ఉన్నాయి, కాబట్టి తప్పు ఎవరిదో తెలియలేదు.

కాగితాల దగ్గర కథ మారింది. 2015 దానికి 2,000 సర్వీస్ మొదలు అన్నీ వరసగా ఉన్నాయి, ట్యూన్ గుర్తులు లేవు. 2017 దానికి మొదటి ఓనర్ కాలం కాగితాలు లేవు. రెండో ఓనర్ తీసుకున్న దగ్గర్నుంచే ఉన్నాయి. చార్జ్ పైపులు అల్యూమినియంవి, ఎందుకు మార్చారో ఎవరికీ తెలియదు.

నూనెమరక

అల్యూమినియం పైపులు, మొదట్లో కాగితాలు మాయం. ట్యూన్ తిరిగి ఉంటుందని నా అనుమానం. రుజువు లేదు, అనుమానమే. కానీ ఆ అనుమానానికి సరిపడా రేటు తగ్గించకపోతే లేచి వచ్చెయ్.

అండర్‌స్టీర్

కాంపిటిషన్ మంచిదని మొదటి నుంచీ చెబుతోంది నేనే, ఇప్పుడూ అదే అంటా. కానీ అది మంచి కాంపిటిషన్ అయితేనే. ఇంకో కాంపిటిషన్ కోసం ఆగే ఓపిక ఉంటే ఆగు. లేకపోతే ఆ 2015 తీసుకో, టైర్లు నాలుగూ మార్పించి, అలైన్‌మెంట్ చేయించి అప్పుడు దాన్ని తిట్టు.

సుధ_స్పోర్ట్‌ప్లస్

నేనైతే ఆగుతా. ఇది రోజువారీ అవసరానికి కొనే బండి కాదు కదా. మనసులో కాంపిటిషన్ పెట్టుకుని స్టాండర్డ్ కొంటే, రోడ్డు మీద ఎదురైన ప్రతిసారీ తల తిప్పి చూస్తారు.

మాన్యువల్_మనిషి

కాగితాలున్న ఒకే ఓనర్ మాన్యువల్‌ని వదిలేసి ఆగమంటున్నారా సుధ గారూ? అది రేపటికి ఉండదు. ఇప్పటికే ఈ టాపిక్ చదివి ఎవడో బయల్దేరి ఉంటాడు.

టర్బోబాబాయ్

ఆ బండి ఎక్కడుందో కాస్త చెబుతావా రివ్‌లిమిట్? ఊరికే అడుగుతున్నా.

రివ్‌లిమిట్

చెప్పను బాబాయ్, అడ్వాన్స్ ఇచ్చేశా. 2015దే. సుధ గారి మాట కొట్టిపారేయలేను, ఆ ముందు చక్రాల పట్టు ఇంకా గుర్తుంది. కానీ కాగితాలు లేని బండికి ఎక్కువ ఇచ్చి, మిగిలిన డబ్బు కూడా లేకుండా క్రాంక్ హబ్ గురించి రాత్రిళ్ళు టెన్షన్ పడటం నా వల్ల కాదు. మిగిలిన దాంతో కొత్త టైర్లు వేయిస్తా.

నూనెమరక గారూ, బండి చేతికి రాగానే మొదట ఏం చేయించమంటారు?

గ్రామ్‌గ్రామ్

సీఎస్ బ్రోకర్‌కి నా నంబర్ ఇవ్వు.

నూనెమరక

ఇంజిన్ ఆయిల్, డిఫ్ ఆయిల్, మాన్యువల్ కాబట్టి గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్. నాలుగూ ఒకేసారి, పాత ఓనర్ ఏం చెప్పినా సరే. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో కాగితాల్లో లేకపోతే అవి కూడా. పాత ఆయిల్ పారబోయనివ్వకుండా దగ్గరుండి ఫిల్టర్ విప్పించి చూడు, అందులో లోహపు తళుకులు కనిపిస్తే మిగతా డబ్బు ఇవ్వకముందే నాకు ఫోటో పెట్టు.

రివ్‌లిమిట్

అంటే డబ్బు మొత్తం కట్టకముందే ఆయిల్ మార్పించాలా? వాడు ఒప్పుకుంటాడా?

నూనెమరక

ఆయిల్ ఖర్చు నీదే అను. దాచేది ఏమీ లేనివాడు ఒప్పుకుంటాడు.